తేనె ఇవ్వని తేనెటీగలు

జ్యేష్ఠమాసంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళయింది. మా అమ్మాయి రాలేదు. "ట్రేలు ఇంక్యుబేటర్‌లో పెట్టేశామమ్మా, మూడు వారాలు కదలడానికి లేదు" అంది. పెళ్ళిలో కనబడిన వాళ్ళందరికీ తేనెటీగల పనిలో ఉందని చెప్పడం, వాళ్ళు "అయితే తేనె పంపుతోందా?" అనడం. ఈ ఈగలు తేనె ఇవ్వవండీ అంటే నావైపు జాలిగా చూశారు. మా అత్తయ్యగారైతే మనవరాలితో ఫోన్లో మాట్లాడటమే మానేశారు.

అమ్మాయి కెనడాలో సస్కచవాన్‌లో వ్యవసాయం చదువుతోంది. ఈ వేసవికి ఒక రైతు దగ్గర పని. ఆయన పండించేది ఆల్ఫాల్ఫా విత్తనం. పేరు విని బెదరకండి, మన పాడిరైతులు వేసే లూసర్న్ గడ్డే. గడ్డికైతే కోసుకుంటే సరి, విత్తనం కావాలంటే పువ్వు పువ్వుకీ ఈగ వాలాలి. ఆ పువ్వులో కేసరాల కాడ స్ప్రింగులా బిగించి ఉంటుందిట. ఈగ నొక్కగానే ఫట్‌మని లేచి దాని మొహానికి కొడుతుంది. మామూలు తేనెటీగ రెండు దెబ్బలు తినేసరికి తెలివి మీరి, పక్క సందులోంచి తేనె జుర్రుకుని పోతుంది. కాడ లేవదు, గింజ కట్టదు. ఆ దెబ్బకి జంకనిది మా అమ్మాయి సాకే ఈ చిన్న ఈగ. ఐరోపా, పశ్చిమాసియాలది. 1940ల నాటికి ఎలాగో అమెరికా చేరింది, 1960ల మొదట్లో కెనడా వాళ్ళు తెచ్చుకున్నారు.

లీఫ్‌కట్టర్ అంటారు. బి.ఏ. తెలుగు చదివినందుకు నేను 'ఆకుదర్జీ' అని పేరు పెట్టుకున్నాను. దీనికి రాణీ లేదు, పనివాళ్ళూ లేరు. ఆడ ఈగలన్నీ ఎవరి సంసారం వాళ్ళదే. పొలంలో గుడారాల్లాంటి పాకలు వేసి, పెన్సిలు పట్టేంత కన్నాలు వేలకొద్దీ ఉన్న థర్మోకోల్ దిమ్మెలు పెడతారు. పాకలన్నీ తూర్పు ముఖమే! వాస్తు కాదులెండి, పొద్దున్నే ఎండ తగిలితే ఈగలు తొందరగా పనిలోకి దిగుతాయని.

తల్లి ఈగ పది పదిహేను ఆకు ముక్కలు కత్తిరించి తెచ్చి, కన్నంలో దొన్నెలా కుడుతుంది. అందులో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద, దానిమీద ఒక్క గుడ్డు. గుండ్రటి ముక్కలతో మూత. దాని ముందు ఇంకో గది. ఆడపిల్లలు లోపలి గదుల్లో, మగపిల్లలు గుమ్మం వైపు. ఎకరాకి సుమారు 20,000 ఈగలు కావాలి. అమెరికా రైతులు వీటిని గ్యాలన్ల లెక్కన కొంటారు, గ్యాలనుకి 10,000.

చలికాలమంతా ఆ ఆకు గూళ్ళని 5 డిగ్రీల చలిలో దాచి, పూతకి మూడు వారాల ముందు 30 డిగ్రీల వెచ్చటి గదిలో పెడతారు. ఇక అక్కడ మనిషి ఉండాల్సిందే. రెండో వారంలో గూళ్ళలోంచి పరాన్న కందిరీగలు పుట్టుకొస్తాయి. వాటికోసం దీపం వెలిగించి కింద నీళ్ళ పళ్ళెం పెడతారు, మనం వానాకాలం ఉసిళ్ళకి పెట్టినట్టే! తర్వాత మగ ఈగలు, ఆ వెనక ఆడవి. పూత ఆలస్యమైతే గదిలో వేడి తగ్గించి వాటిని ఆపాలి. పెళ్ళి సరిగ్గా ఈ రోజుల్లోనే పడింది.

అన్నట్టు, మీ గులాబీ ఆకుల అంచున కంపాసుతో గీసినట్టు గుండ్రంగా కోతలుంటే మందు కొట్టకండి. వీటి బంధువుల పనే అది. ఆకు తినవు, ఇల్లు కట్టుకుంటాయి. మన కంది పూతకి మేలు చేసేవీ వాటిలో ఉన్నాయి.

మొన్న అమ్మాయి వీడియో కాల్‌లో, చంకలో చాప చుట్టుకెళ్ళినట్టు ఆకు ముక్క పట్టుకుని ఎగిరే ఈగని చూపించింది. అత్తయ్యగారు పక్క గదిలోంచి వచ్చి నా వెనకే నిలబడ్డారు.

"ఏమే, మూతేశాక మళ్ళీ తెరిచి చూసుకోదా పిల్లల్ని?" అన్నారు.

"లేదు నానమ్మా. ఉన్నన్నాళ్ళూ గూళ్ళు కడుతూనే ఉంటుంది. పిల్లలు బయటికొచ్చేసరికి తను ఉండదు."

అత్తయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చలికాలం ఎలాగూ వాటిని చలిపెట్టెలోనే ఉంచుతారన్నావుగా, అప్పుడు నీకేం పని?" అన్నారు.

డిసెంబరు టికెట్ల ధరలు మావారు చూస్తున్నారు.