చక్రాల మీద వంటిల్లు

పుట్టినరోజు పండుగ పిల్లలకేగాని పెద్దలకెందుకన్నది మా యింటి సంప్రదాయం. ఈ మాఘంలో మా ఆవిడకు నలభై యేళ్లు నిండాయి. పెళ్లయి పంతొమ్మిదేళ్లయినా మేమిద్దరమే కలిసి ఎక్కడికైనా వెళ్లినది లేదు. చుట్టాల పెళ్లిళ్లకూ చావులకూ తప్ప మా బరంపురం దాటి యెరుగము. ఈసారి ఆ లోటు తీర్చవలెననుకున్నాను.

మిత్రుడొకడు తన పాత ఓమ్ని బండిని మూడు రోజులకు యిచ్చాడు. వెనుక సీట్లు తీయించి, చెక్కబల్ల వేయించి, పైన పరుపు పరిచాను. బల్ల కింద చిన్న గ్యాసు సిలిండరు, పొయ్యి, రెండు గిన్నెలు, బియ్యం, పప్పు, చింతపండు, పోపుల పెట్టె సర్దాను. అన్నిటికీ జాబితా రాసుకుని ఒక్కొక్కటే టిక్కు పెట్టుకున్నాను. గుమాస్తా బుద్ధి యెక్కడికి పోతుంది? హోటలు ఖర్చు లేదు, గది అద్దె లేదు. ఇల్లే మన వెంట వస్తుందని మురిసిపోయాను. పిల్లలను మా అమ్మకు అప్పగించి బయలుదేరాము.

గంజాం దాటి పాలూరు మీదుగా, చిలికా సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న దారిన వెళ్లి, జహ్నికుడా దగ్గర బండితో సహా పంటు యెక్కాము. చలికాలం కావడం చేత నీటి మీద బాతులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. సాతపడాలో దిగి, నీటి ఒడ్డున బండి ఆపాను. సూర్యుడు అస్తమిస్తున్నాడు.

"చూశావా, యెంత అందంగా ఉన్నదో!" అన్నాను.

మా ఆవిడ తలెత్తలేదు. గాలికి పొయ్యి ఆరిపోతూంటే అట్టముక్క అడ్డం పెట్టి ఉప్మా కలుపుతున్నది.

"ఏమండీ, ఇల్లు వదిలి వచ్చామనుకున్నాను. మీరు వంటిల్లు వెంట తెచ్చారు," అన్నది.

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే సమాధానం చెప్పుకుందును. ఆ రాత్రి ఉప్మా గొంతు దిగలేదు. పంతొమ్మిదేళ్లుగా ప్రతి పండుగనాడూ అందరికీ వడ్డించి చివర తిన్నది ఎవరో, ప్రతి ప్రయాణానికీ తెల్లవారుజామున లేచి పులిహోర కట్టినది ఎవరో అప్పుడు గుర్తుకు వచ్చింది.

మర్నాడే పుట్టినరోజు. పూరీ చేరి జగన్నాథుని దర్శనం చేసుకుని, గుడి ప్రాకారంలోనే ఉన్న ఆనందబజారుకు వెళ్లాము. మహాప్రసాదం అమ్మేది అక్కడే. కొత్త కుండలను కట్టెల పొయ్యి మీద ఒకదానిపై ఒకటి పేర్చి వండుతారనీ, బంగాళాదుంప, టొమాటో వాడరనీ, కులభేదం లేకుండా అందరూ ఒకచోట కూర్చుని తింటారనీ నాకు తెలిసినదంతా చెప్పుకుపోయాను.

"ఇంతమందికీ వండేది సువారులనే సేవకులు. అందరూ మగవారే..." అని ఆగిపోయాను.

"ఆగిపోయారేం?" అని నవ్వింది.

నేల మీద కూర్చుని, అన్నం, పప్పు, ఆవపెట్టిన కూర ఇద్దరమూ ఒకే ఆకులో తిన్నాము. "మరొకరు వండినది వేడివేడిగా తింటే యింత రుచా! మరిచేపోయాను," అన్నది. ఆమెకు నేనిచ్చిన కానుక ఏదైనా ఉంటే ఆ పూట భోజనమే. అదీ నేను వండినది కాదు, దేవుడు పెట్టినది.

సాయంకాలానికి సముద్రపు ఒడ్డు దారిన ముప్పైఅయిదు కిలోమీటర్లు వెళ్లి కోణార్కం చూశాము. 13వ శతాబ్దంలో నరసింహదేవుడు సూర్యునికి కట్టించిన రాతిరథమది. ఇరవైనాలుగు చక్రాలు, ఏడు గుర్రాలు. మా ఆవిడ చక్రాలన్నీ లెక్కపెట్టి, "సూర్యుని బండిలో పొయ్యి పెట్టలేదండీ," అన్నది. ఇద్దరమూ కడుపుబ్బ నవ్వుకున్నాము.

ఆ రాత్రి వంట నేను చేశాను. అన్నం అడుగంటింది. చారులో ఉప్పు రెండుసార్లు పడింది. ఆమె చేతులు ఒడిలో పెట్టుకుని, సముద్రం చప్పుడు వింటూ కూర్చున్నది. తరువాత మాట మాట్లాడకుండా రెండుసార్లు వడ్డించుకున్నది. మర్నాడు పొద్దెక్కేదాకా లేవలేదు. నేనూ లేపలేదు.

ఇంటికి వచ్చిన ఆదివారం నేను పప్పు కడుగుతూంటే మా అమ్మ గుమ్మంలో నిలబడి వింతగా చూసింది. "మీ నాన్నగారికి మంచినీళ్ల బిందె యెక్కడుండేదో కూడా తెలియదురా," అన్నది. నవ్వుతూనే అన్నది గాని, కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాను.

వచ్చే యేడు అమ్మకు డెబ్బై నిండుతాయి. బండి అడిగి ఉంచాను. ఈసారి జాబితాలో పొయ్యి లేదు.