పాట మోయని వైరు

మా కారులో ముందు ఎడమ సీటు కింద ఒక యాంప్లిఫయర్ ఉందండీ! నాలుగేళ్లుగా మా ఆవిడ దాని మీదే కూర్చుని అన్నవరం, శ్రీశైలం వెళ్లొస్తోంది. ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. పోయిన నెల దాకా నాకు తెలిసిన యాంప్లిఫయర్ అల్లా వినాయకచవితి పందిట్లో బల్ల మీద పెట్టి, వేడెక్కకుండా పక్కన ఫ్యాను తిప్పే నల్లపెట్టె ఒక్కటే. అలాంటిది కారులో, కార్పెట్టు కింద, పుస్తకమంత అల్యూమినియం డబ్బాలో దాక్కుని ఉంటుందని ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడు కనపడ్డవాళ్లనల్లా ఆపి చెబుతున్నాను. ఇవాళ మీరు దొరికారు.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పెద్ద కారు మాది. కంపెనీవాళ్లిచ్చిన స్టీరియో బటన్లు ఒక్కొక్కటే మూగబోయి, ఆఖరికి ఒక ఘంటసాల సీడీని మింగి కూర్చుంది. ఒక షాపులో దాన్ని పీకించి ఆండ్రాయిడ్ స్క్రీను పెట్టించాను. స్క్రీను పెళ్లిపందిరిలా వెలిగింది. మ్యాపు వచ్చింది, బ్లూటూత్ వచ్చింది, పాట మాత్రం రాలేదు. వాల్యూము చివరికంటా తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. షాపతను డోర్ల వైపు ఒక చూపు చూసి, "స్పీకర్లు పోయాయి సార్, సెట్టు మార్చాలి" అన్నాడు. డోర్లలో నాలుగు, డాష్‌బోర్డు మీద చిన్నవి రెండు. ఆరూ కూడబలుక్కుని ఒకే ముహూర్తానికి పోయాయా?

అనుమానం తీరక విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. లారీలకు బాడీలు కట్టే సుత్తిదెబ్బల మధ్య ఒక పెద్దాయన కార్ల కరెంటు పని చేస్తాడు. అందరూ బాబాయ్ అంటారు, నేనూ అన్నాను. ఆయన స్క్రీను బయటికి లాగి, వెనకున్న కప్లర్ విప్పి, రెండు వైర్లకు మీటరు ముళ్లు ఆనించాడు.

"మాస్టారూ, స్పీకరైతే మూడు, మూడున్నర ఓమ్‌లు చూపించాలి. ఇది చూడండి."

అంకె వేలల్లో ఉంది.

"పోయిందేమో బాబాయ్?"

"తెగిపోతే మీటరు కదలనే కదలదు. ఇది కదిలిందిగా. అవతల స్పీకరు కాదు, ఇంకెవరో ఉన్నారు."

ఇంకెవరో ఉన్నారు! డిటెక్టివ్ నవలలు తెగ చదివినవాణ్ణి, ఆ మాటకు నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. బాబాయ్ డోరు ప్యానెల్ ఊడదీసి, స్పీకరు వెనక నేరుగా ఒక పెన్సిలు సెల్లు తాకించాడు. టక్! కాగితపు గిన్నె ఒక్క పిసరు ముందుకు దుమికింది. ప్రాణం ఉంది! అదే సెల్లును డాష్‌బోర్డు దగ్గరి వైర్లకు తాకిస్తే ఏమీ లేదు. మధ్యలో ఎవరో అడ్డంగా పడుకుని నిద్రపోతున్నారన్నమాట. సీటు వెనక్కి జరిపి టార్చి వేశాడు. రెక్కల్లాంటి అంచులతో, దుమ్ము కొట్టుకుపోయి, కనపడింది ఆ డబ్బా.

మామూలు కార్లలో స్పీకర్లను తోసేది స్టీరియోయేనట. పెట్టె మీద ఒక్కో స్పీకరుకు 50 వాట్లని అచ్చేస్తారు కదా, బాబాయ్ సిగరెట్టు పెట్టె వెనక లెక్క వేసి చూపించాడు. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14 వోల్టులు. దాంతో నాలుగు ఓమ్‌ల స్పీకరును ఎంత నెట్టినా, శుభ్రమైన ధ్వని 20 వాట్ల చుట్టుపక్కలే. తక్కినది అట్ట మీది సిరా! అందుకే పెద్ద కార్లలో విడిగా ఈ డబ్బా పెడతారు. అది తక్కువ ఓమ్‌ల స్పీకర్లను కూడా ధాటిగా నడపగలదు. పైగా ఏ స్పీకరుకు ఏ స్వరాలు పంపాలో, ఈ కారు లోపలి ఖాళీలో ఏది మోగుతుందో ఏది మసకబారుతుందో లెక్క చూసి సరిదిద్ది మరీ పంపుతుంది. "తీసి పారేసి నేరుగా కలిపెయ్యమని అడుగుతారు కొందరు. రెండు ఓమ్‌ల స్పీకర్లయితే కొత్త స్టీరియో కాలి కూర్చుంటుంది. ఈ డబ్బాకి మీ కారు సంగతి తెలుసు మాస్టారూ, ఆ స్క్రీనుకి తెలియదు" అన్నాడు.

ఇంటికొచ్చి చదువుకుంటే ఇంకో లోకం తెరుచుకుంది. కారు రేడియోను జనంలోకి తెచ్చినవాళ్లలో గాల్విన్ సోదరులు ముందుంటారు. 1930లో వాళ్లు అమ్మిన రేడియో పేరే మోటరోలా. కంపెనీకి ఆ పేరు తర్వాత వచ్చింది. ఒక కారు లోపలి కొలతలకు తగ్గట్టు ప్రత్యేకంగా శ్రుతిచేసిన ధ్వని వ్యవస్థను ఫ్యాక్టరీలోనే బిగించి ఇవ్వడం బోస్ కంపెనీ 1983 మోడల్ క్యాడిలాక్ సెవిల్ లాంటి కార్లతో మొదలుపెట్టింది. ఆ కంపెనీ పెట్టిన అమర్ బోస్ తండ్రి మన బెంగాలీ. మా ఆవిడ కాళ్ల కింద ఇంత చరిత్ర!

సరే, అసలు మాయ దగ్గరికి వద్దాం. కొత్త స్టీరియో వెనక రంగురంగుల వైర్ల కుచ్చు ఒకటి ఉంటుంది. నేను తెలుగు మాస్టారిని. వర్ణం అంటే అక్షరమూ, రంగూ అని ముప్పై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను గానీ, నిజమైన వర్ణమాలను ఇప్పుడే చూశాను. పసుపు ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. అదే రంగు మీద నల్లచార ఉంటే అది మైనస్. ఏ కంపెనీ స్టీరియో కొన్నా దాదాపు ఇదే వరస. ఈ గుంపులో ఒక మూల, నీలం మీద తెల్లచార ఉన్న వైరు ఒకటి. షాపతను దానికి టేపు చుట్టి వదిలేశాడు.

ఆ వైరులో పాట ఉండదు, పాటకు సంబంధించిన ఒక్క చుక్కా ఉండదు. స్టీరియో లేచినప్పుడు 12 వోల్టులు పంపి, "లే, పనుంది" అని యాంప్లిఫయర్‌కు చెబుతుంది, అంతే. అది లేకపోతే స్పీకర్ల ఎనిమిది వైర్లలో త్యాగరాజస్వామే దిగొచ్చి పాడినా అవతల వినేవాడు ఉండడు. బాబాయ్ టేపు విప్పి, సీటు కింది కప్లర్‌లో దానికి సరైన వైరు వెతికి కలిపాడు. టప్! ఆరు స్పీకర్లూ ఒకేసారి గొంతు సవరించుకున్నాయి. నేను గంతేసినంత పని చేశాను.

ఆయన మాత్రం వెంటనే స్టీరియో ఆపేశాడు. షాపతను స్పీకరు వైర్లనే యాంప్లిఫయర్‌కు కలిపాడట. గట్టిగా పెడితే వాటిలో 9 వోల్టుల దాకా వస్తుంది, ఇలాంటి డబ్బా ఆశించేది ఒకటో రెండో వోల్టులు. చెవిలో గుసగుసలాడాల్సింది మైకు పెట్టి అరిచినట్టు. స్క్రీను వెనక గుండ్రటి ఆర్‌సీఏ సాకెట్లు నాలుగున్నాయి, సున్నితమైన ధ్వని వాటిలోంచి వస్తుంది. కుర్రాణ్ణి పిలిచి ఆ వైర్లు వేయమన్నాడు.

కుర్రాడు ప్లస్‌లు సరిగ్గానే కలిపాడు. మైనస్‌లన్నీ ఒక ముడి వేసి సీటు బోల్టు కింద బాడీకి ఎర్త్ చేశాడు. పాట వచ్చింది. ఇంజను స్టార్ట్ చేస్తే పాటతోపాటు దోమ కూడా వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కితే దోమ పై స్థాయికి వెళుతుంది, వదిలితే కిందికి దిగుతుంది.

"ఆల్టర్నేటర్ పాడుతోంది" అని నవ్వాడు బాబాయ్. ఇనుప బాడీ అంతా ఒకటే ఎర్త్ అనుకుంటాం గానీ, డాష్‌బోర్డు దగ్గరికీ సీటు కిందికీ వెంట్రుకవాసి తేడా ఉంటుందట. ఆ తేడాయే దోమ. ఆయన ముడి విప్పేశాడు. ఒక్కో మైనస్‌నూ బాడీకి తగలకుండా దాని జత ఆర్‌సీఏ బయటి వలయానికే కలిపాడు. మా యాంప్లిఫయర్ రెండు వైర్లనూ విని, ఒకదాన్లోంచి ఇంకోదాన్ని తీసేస్తుంది. దారిలో రెండింటికీ సమానంగా అంటుకున్న రొద ఈ తీసివేతలో సున్నా అవుతుంది. మిగిలేది పాట! రెండో తరగతి లెక్క అండీ, రెండో తరగతి లెక్కతో దోమ చచ్చిపోయింది. ఇంకా రొద మిగిలితే వాడదామని చిన్న ఐసొలేటర్ ఒకటి తీసి పెట్టుకున్నాడు. లోపల ఒకదానికొకటి తగలని రెండు తీగచుట్లు ఉంటాయి, పాట వాటి మధ్య దూకుతుంది. దాని అవసరం రాలేదు. నాకు కాస్త నిరాశగానే అనిపించింది, ఆ దూకుడు చూద్దామనుకున్నాను.

అన్ని కార్లకూ ఇంత తేలిగ్గా కుదరదట. 2001 తర్వాతి కొన్ని జర్మన్ కార్లలో స్టీరియోకూ యాంప్లిఫయర్‌కూ మధ్య రాగి వైరే లేదు, ప్లాస్టిక్ దారంలో ఎర్రటి వెలుతురు పరిగెడుతుంది. ఇంకొన్నిటిలో నీలం వైరు చాలదు, కారు భాషలో మేలుకొలుపు పాడే మాడ్యూల్ ఒకటి విడిగా కొనాలి. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు ఇదంతా విని, "మామయ్యా, ఇక్కడి కొన్ని పాత జీఎమ్ కార్లలో రేడియో పీకేస్తే సీటుబెల్టు గంట కూడా మోగదు తెలుసా" అన్నాడు. ఆ గంట కొట్టేది రేడియోయేనట! ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

ఇప్పుడు పాట ఎలా ఉందంటే, ఘంటసాల ఊపిరి తీసుకోవడం వినపడుతోంది. అంతకంటే నాకు ఇష్టమైనది ఇంకొకటుంది. తాళం తిప్పగానే పాటకు ముందు, చెవి పెడితేనే వినపడే ఆ చిన్న టప్. నిన్న సందు చివర మూడుసార్లు ఆపి, మూడుసార్లు తిప్పాను.

"పాట పెట్టకుండా ఏం వింటున్నారండీ?" అంది మా ఆవిడ.

"నీ సీటు కింద లేచాడు, విను" అన్నాను. ఆమె కాళ్లు రెండూ పైకి పెట్టేసుకుంది.