‘ఎక్స్‌ట్రీమ్లీ’ అంటే ఎంత?



డిగ్రీ సెకండియర్‌లో ఉండగా మా ఊరి రోడ్డు కోసం అర్జీ రాసే పని నా మీద పడింది. "ఇంగ్లీషులో రాయరా, అప్పుడైనా చదువుతారు" అన్నారు పెద్దలు. ఒక పేజీ రాశాను. అందులో ‘ఎక్స్‌ట్రీమ్లీ’ అనే మాట ఏడుసార్లు వచ్చింది. ఊరు ఎక్స్‌ట్రీమ్లీ బ్యాక్‌వర్డ్, జనం ఎక్స్‌ట్రీమ్లీ పూర్, హాస్పిటల్ ఎక్స్‌ట్రీమ్లీ ఫార్. పెద్ద మాట కదా, బరువుగా ఉంటుందనుకున్నా.

హాస్టల్లో ఒక సీనియర్ అన్నకి చూపించాను. ముందు గ్రామర్ సరిచేశాడు. ‘ఎక్స్‌ట్రీమ్లీ డిఫికల్ట్’ అనొచ్చు, ఎందుకంటే కష్టంలో ఎక్కువ తక్కువలుంటాయి. ‘ఎక్స్‌ట్రీమ్లీ ఇంపాజిబుల్’ అనకూడదు. అసాధ్యంలో కొంచెం అసాధ్యం ఉండదు కదా, అక్కడ ‘అబ్సల్యూట్లీ’ వాడాలి. ‘ఐ ఎక్స్‌ట్రీమ్లీ లైక్’ అని కూడా ఎవరూ అనరు, ‘వెరీ మచ్’ అంటారు. ‘టూ’ వేరు. హద్దు దాటిపోయి పని చెడితే ‘టూ’. ‘టూ ఫార్ టు వాక్’ అంటే నడవలేనంత దూరం అని.

తర్వాత అడిగాడు: "సరే, ఎక్స్‌ట్రీమ్లీ ఫార్ అంటే ఎంతరా?"

"చాలా దూరం అన్నా."

"చాలా అంటే?"

నా దగ్గర జవాబు లేదు. మా నాయనమ్మ అయితే "సా...నా దూరం బాబూ" అని సాగదీసి ఊరుకునేది కాదు. కోడి కూసినప్పుడు బయల్దేరి, రెండు గెడ్డలు దాటితే, సంతకి చేరేసరికి పొద్దు నడినెత్తికొస్తాదని చెప్పేది. చదువుకోని ఆమె కొలిచి చెప్పింది. చదువుకున్న నేను ఏడు ‘ఎక్స్‌ట్రీమ్లీ’లు పెట్టి తప్పించుకున్నాను.

అప్పుడు చెప్పాను అన్నకి. అంతకుముందు వానాకాలం మా పిన్నిని డోలీలో మోసుకెళ్లాం. రెండో గెడ్డ పొంగి, ఒడ్డునే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. డోలీ మోసిన నలుగురిలో నేనొకణ్ని.

"మరి ఇది ఎందుకు రాయలేదు?"

సిగ్గేసింది అన్నాను. అన్న ఏమీ అనలేదు. తెల్లకాగితం నా ముందు పెట్టాడు.

రెండోసారి రాసిన అర్జీలో ఆ మాట ఒక్కసారీ లేదు. 62 ఇళ్లు. తారు రోడ్డుకి 11 కిలోమీటర్లు. 2 గెడ్డలు. డోలీకి మనుషులు 4, గంటలు 5. పిన్ని సంగతి రెండు వాక్యాల్లో రాశాను. గ్రీవెన్స్‌లో ఇస్తే ఆఫీసరు మధ్యలో ఆగి, "రెండో గెడ్డ ఎక్కడ?" అని అడిగారు. అంతకుముందు ఇచ్చిన అర్జీల మీద ఎవరూ ఏమీ అడగలేదు.

తర్వాత డిక్షనరీలో చూశాను. ‘ఎక్స్‌ట్రీమ్’ లాటిన్ నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం అన్నిటికన్నా బయట ఉన్నది, చిట్టచివరిది. మన ఊళ్లు అలాంటి చోటే ఉన్నాయి. కానీ ఆ మాట రాసినంత మాత్రాన ఎవరికీ దారి కనబడదు.

మొదటి గెడ్డ దాకా మట్టిరోడ్డు పడింది. రెండో దానిమీద వంతెన ఇంకా లేదు. ఈ నెల మళ్లీ అర్జీ ఇస్తున్నాం.

మీరూ మీ ఊరి కోసం రాస్తే, ‘ఎక్స్‌ట్రీమ్లీ’ అనే ముందు ఒక్కసారి ‘ఎంత?’ అని అడుక్కోండి. జవాబు మీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఉంటుంది.