ఒకే డబ్బాలో రెండు గింజలు

పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దుమ్ము దాటి మాచవరం దారి పట్టాక గానీ నల్లరేగడి కంటబడలేదు. అటూ ఇటూ పత్తి, మిరప. ఈ వైపు వచ్చే బేరగాళ్ళు మిరపకాయల కోసం వస్తారు. నేను చిల్లగింజ కోసం వెళ్ళాను. మా స్నేహితుడి తాత ఒకప్పుడు నాటువైద్యం చేసేవాడు. ఎనభై దాటినా మూలికల డబ్బా ఇంకా దాచుకున్నాడని విన్నాను.

ఉత్తచేతులతో పోలేదు. దారిలో ఒక మూలికల కొట్లో పావుకిలో చిల్లగింజలు కొన్నాను. తాత వాటిని అరచేతిలో పోసుకుని బొటనవేలితో దొర్లించాడు.

"సగం పుచ్చినయ్యి నాయనా. ఎంతకిచ్చాడు?"

చెప్పాను. నవ్వాడే గానీ ఏమీ అనలేదు. లోపలికెళ్ళి తన రేకు డబ్బా తెచ్చాడు. నిండా చిన్న చిన్న గుడ్డమూటలు. ఒకటి విప్పితే చిల్లగింజలు: పెద్ద శనగంత, గుండ్రంగా, లేత పసుపు. ఎర్రదారం కట్టిన ఇంకో మూటలో ముష్టిగింజలు: రూపాయి బిళ్ళంత వెడల్పు, బూడిదరంగు, నడుమ బొడ్డు. వేలితో నిమిరితే పట్టుగుడ్డలా ఉంది.

"ఇది నీళ్ళను తేరుస్తది, ఇది మనిషిని తేల్చేస్తది" అన్నాడు తాత.

వృక్షశాస్త్రంలో ఈ రెండింటి ఇంటిపేరూ ఒకటే, స్ట్రిక్నోస్. చిల్లకు పొటటోరం అని పేరు. లాటిన్‌లో తాగేవాళ్ళది అని అర్థం. ముష్టి నక్స్‌వామికా. ఈ ఇంటి గింజల్లోంచే 1818లో పెల్లెటియే, కవెంటూ అనే ఇద్దరు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు స్ట్రిక్నిన్‌ను వేరుచేశారు. వెన్నుపాములో కండరాలకు పగ్గం వేసే సంకేతాన్ని అది అడ్డుకుంటుంది. ఒళ్ళు విల్లులా బిగుసుకుపోయి ఊపిరి ఆగుతుంది. చిల్లగింజలో ఆ విషం లేదు. మరి ముష్టిని మందుల్లో ఎలా వేసేవాళ్ళు? గోమూత్రంలో నానేసి, పాలల్లో ఉడికించి, తోలూ మొలకా తీసి, నేతిలో వేయించాలన్నాడు తాత. ఈ శుద్ధికి ముందూ తర్వాతా గింజను ప్రయోగశాలల్లో కొలిచి చూశారు. స్ట్రిక్నిన్, బ్రూసిన్ తగ్గాయి, పూర్తిగా పోలేదు. శుద్ధి అన్న మాటకు నేను ఇచ్చే విలువ అంతవరకే.

"నేను మానేసి చాన్నాళ్ళయింది. చేతికి వణుకొచ్చాక తూకం మన మాట వినదు" అన్నాడు.

అప్పుడు చూశాను ఆ చెయ్యి. మూడో మూట ముడి విప్పలేక నా వైపు తోశాడు. విప్పితే దూలగొండి గింజలు, నున్నగా మెరుస్తూ. కాయ మీది నూగు తగిలితే ఒళ్ళంతా దురదే గానీ గింజ మాత్రం సాధువు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి ఈ గింజల నుంచి ఎల్-డోపాను వేరుచేశారు. వణుకుడు జబ్బు పార్కిన్సన్‌కు అదే మందని వైద్యలోకానికి ఖాయమైంది 1960లలో. ముప్ఫై ఏళ్ళు ఆ పదార్థం పుస్తకాల్లో పనీపాటా లేకుండా కూర్చుంది! 2004లో అచ్చయిన ఒక లండన్ పరీక్షలో ఎనిమిది మంది రోగులకు 30 గ్రాముల దూలగొండి పొడి ఇచ్చి చూస్తే మామూలు మాత్రల కంటే తొందరగా పనిచేసింది, ఎక్కువసేపు నిలిచింది. ఎనిమిది మందే అన్న సంగతి మరవకూడదు.

ఇదంతా చెబుతుంటే తాత కళ్ళు చిట్లించాడు.

"అయితే నేను తినొచ్చంటావా?"

ఆయన అప్పటికే పార్కిన్సన్ మాత్రలు వేసుకుంటున్నాడు. మాత్రలోనూ ఉన్నది అదే ఎల్-డోపా. మాత్రలో ఎంత ఉందో అట్ట మీద రాసి ఉంటుంది. గింజలో రకాన్ని బట్టి, నేలను బట్టి మారిపోతుంది. రెండూ కలిస్తే మోతాదు మించుతుంది. "డాక్టర్ని అడక్కుండా వద్దు తాతా" అన్నాను. "నా డబ్బాలో గింజ నాకే వద్దంటాడు" అని మనవడితో ఫిర్యాదు చేశాడు.

ఈలోగా మనవడు బకెట్‌తో కాలవ నీళ్ళు తెచ్చాడు. ఎర్రటి బురద. తాత సాన తడిపి చిల్లగింజను గంధంలా అరగదీశాడు. ఈ పనికి వణుకు అడ్డం రాలేదు. తెల్లటి ఆ ముద్దను కుండలో కలిపి మూతపెట్టాడు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో కోరమండల్ తీరపు మొక్కల మీద వేసిన పుస్తకం మొదటి సంపుటి 1795 నాటిది. అందులో ఈ గింజను కుండ లోపలి గోడకే గట్టిగా రుద్దే పద్ధతి రాశాడు. పద్ధతి కాస్త మారింది, అంతే.

టీ తాగి, మిరప ధర మీద ఒక పంచాయితీ విని లేచేసరికి నీళ్ళలో మబ్బుతునకల్లాంటివి దిగుతున్నాయి. గింజలోని పొడవాటి చక్కెర గొలుసులు మట్టి రేణువులను ఒకదానికొకటి ముడేస్తాయి, బరువెక్కి అవి అడుగుకు చేరతాయి. చిల్లపొడి మురికిని దించి తానూ దిగిపోతుందని శంకరుల పేరున్న ఆత్మబోధలో ఉపమానం ఉంది. దాన్ని కట్టినవారు కుండ దగ్గర కాసేపు కూర్చునే ఉంటారు.

గంట దాటాక పైనీళ్ళు అద్దంలా ఉన్నాయి. తాగబోయాను. తాత చెయ్యి అడ్డం పెట్టాడు. "కాచకుండా తాగుతావా? మట్టేగా పోయింది." నిజమే, సూక్ష్మజీవులన్నీ బురదతో దిగిపోవు. పల్నాడు బోర్లలో కరిగి ఉండే ఫ్లోరైడూ చిల్లగింజ చేతికి చిక్కే సరుకు కాదు. తాత తాగేది ప్లాంటు నుంచి వచ్చే ఇరవై లీటర్ల టిన్ను నీళ్ళు. కుండ నీళ్ళు బర్రెకు పోయించాడు.

నేను కొన్న పావుకిలోలో పుచ్చనివి ఏరి గుప్పెడు నాకిచ్చాడు. ముష్టిమూటకు ఎర్రదారం నా చేతే మళ్ళీ కట్టించి, డబ్బా అటక మీదికి ఎక్కించి, పంపు దగ్గరికి తీసుకెళ్ళి సబ్బు చేతిలో పెట్టాడు.