దాదర్‌లో లాడ్జా, పరేల్‌లో ఖోలీయా

మా ఇంట్లో ముంబయి ప్రయాణం నాలుగేళ్ళు వాయిదా పడింది. టికెట్లు దొరకక కాదు, డబ్బుల్లేకా కాదు. ఎక్కడ దిగాలి అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయేది.

షోలాపూర్ నుంచి ముంబయి ఏమంత దూరం? రైలుకు సుమారు 450 కిలోమీటర్లు. రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి దాదర్. పెళ్ళికో చావుకో మన పూర్వభాగంలో ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు పోయి వస్తూనే ఉంటారు. కానీ అది పని మీద పోవడం. పిల్లలకు ఊరు చూపించడానికి, రెండు రాత్రులు ఉండడానికి పోవడం వేరు. పోయిన దీపావళికి మా టవల్ కార్ఖానాకు సెలవులు, చేతిలో బోనసు, పిల్లల బడికీ సెలవులు. ఈసారి పోవాల్సిందే అన్నాను. ఐదుగురం: నేను, మా ఆయన, ఎనిమిదో తరగతి అమ్మాయి, నాలుగో తరగతి బాబు, మా మామ.

మామకు 75 ఏళ్ళు. 1970లో, ఇరవై ఏళ్ళ వయసులో, లోయర్ పరేల్‌లో ఒక మిల్లులో బదిలీ కామ్‌గార్‌గా చేరి, తర్వాత సాంచా ఖాతాలో పర్మనెంట్ అయ్యాడు. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని ఆగింది. ఏడాది పైన చూసి, 1983లో ఒక రేకుపెట్టె పట్టుకుని షోలాపూర్ వచ్చేశాడు. ఇక్కడ పవర్‌లూమ్ సాంచెల మీద చెయ్యి కుదిరేదాకా పని చేశాడు. ఆయన చెల్లెలు మాత్రం అక్కడే ఉండిపోయింది. నాకు చిన్నమ్మ వరస. భర్త మిల్లు పోయినా ఖోలీ ఉంది. లోయర్ పరేల్‌లో పాత చాళ్, మూడో మాళా.

కాబట్టి ఎక్కడ దిగాలి అన్న ప్రశ్నే లేదు అని మీరనవచ్చు. మనవాళ్ళలో ఎవరైనా అదే అంటారు. నేను ఫోన్‌లో "చిన్నమ్మా, ఈసారి లాడ్జి చూసుకుంటం" అన్నానో లేదో, ఆమె గొంతు మారిపోయింది.

"ఏందే బిడ్డా, మేము సచ్చినమా? ఇల్లుండంగ లాడ్జిల పండుకుంటరా? మా అన్నకు చెప్పు, చెల్లె ఇంటి గడప ఎత్తయిందా అని."

ఖోలీ కొలత పదడుగులకు పన్నెండడుగులు. అందులో చిన్నమ్మ, కొడుకు, కోడలు, మనవడు. మేము ఐదుగురం పోతే తొమ్మిది. మామ లెక్కలో అది తక్కువే. ఆయన కాలంలో ఒక్క ఖోలీలో పది పదిహేను మంది మొగవాళ్ళు ఉండేవారట. ఒక పాళీవాళ్ళు భోంగా కూతకు లేచి పోతే, ఆ చాపల మీదనే రాత్రి పాళీ చేసి వచ్చినవాళ్ళు ఒరిగేవారు. తిండి ఖానావళ్‌లో. ఆ లెక్కన తొమ్మిది మందికి ఖోలీ మహలే.

మా ఆయన ఇంకో దారి పట్టాడు. రోజూ రాత్రి ఫోన్‌లో గదుల ఫోటోలు చూడడం. మొదట కొలాబా చూశాడు. గేట్‌వే పక్కనే, సముద్రం గాలి. ఐదుగురికి రెండు గదులు కావాలి, ఒక్క రాత్రికి ఆరువేలు దాటుతుంది. తర్వాత వాషి వైపు చూశాడు. కొత్త గది, శుభ్రంగా ఉంది, కొలాబా ధరలో మూడో వంతు. "ఇదే బాగుంది" అన్నాడు.

అప్పుడు నేను కాగితం తీసి కూర్చున్నాను. ఈ లెక్క మీకూ పనికొస్తుంది కాబట్టి రాస్తున్నా. వాషి నుంచి సీఎస్‌ఎంటీకి లోకల్‌లో ముప్పావు గంట పైమాటే. పొద్దున పోను, సాయంత్రం రాను, మధ్యలో పిల్లవాడికి నిద్రొస్తే గదికి వచ్చే వీలు లేదు. ముంబయి నగరంలో మాహిం, సయన్ దాటి దక్షిణానికి ఆటోలు రావు, టాక్సీలే. చిన్న టాక్సీలో నలుగురిని మించి ఎక్కించుకోరు. ఐదుగురమంటే ప్రతిసారీ రెండు టాక్సీలు. గది దగ్గర మిగిలిన డబ్బు టాక్సీ మీటర్లో పోతుంది. పైగా ఆదివారం లోకల్ లైన్లకు మెగాబ్లాక్ పెడతారు, బళ్ళు తగ్గుతాయి. ఆ రోజు దూరంలో ఉన్నవాడి గతి స్టేషన్‌లో నిలబడడమే.

దాదర్ అయితే సెంట్రల్, వెస్టర్న్ రెండు లైన్లూ అక్కడే కలుస్తాయి. మన రైలు అక్కడే ఆగుతుంది. లోయర్ పరేల్ రెండో స్టేషన్, మధ్యలో ప్రభాదేవి ఒక్కటే. బైకుల్లాలో రాణీచా బాగ్‌కు ఐదు రూపాయల టికెట్. శివాజీ పార్కు, సముద్రం ఒడ్డు నడిచి పోవచ్చు. అంతవరకూ తేలింది. తేలనిది మామ.

ఆయన అందరి మాటలూ విని చివరికి, "మీరు లాడ్జిల ఉండుండ్రి. నన్ను ఇంటికాడ ఇడిసిపోండ్రి" అన్నాడు. నాలుగేళ్ళుగా ఇదే మాట. మా ఆయనకు కోపం వచ్చేది. చెల్లెలి ఇంటికి పోనంటాడు, లాడ్జికీ రానంటాడు, ఏం కావాలి ఈయనకు అని.

నాకు తెలుసు, కానీ కోడలిగా నోరు తెరిచి అనలేను. రెండు మోకాళ్ళూ పోయాయి. ఇంట్లో ఆయన కోసం కమోడు కుర్చీ పెట్టుకున్నాం. చాళ్‌లో సండాస్ గ్యాలరీ చివర, అందరిదీ ఒకటే, కింద కూర్చునేది. ఐదేళ్ళ క్రితం ఒక పెళ్ళికి పోయినప్పుడు అక్కడే ఉన్నాం. సాయంత్రం నాలుగు నుంచి మామ నీళ్ళు ముట్టలేదు. చిన్నమ్మ గ్లాసు చేతికిస్తే పెదవులకు తాకించి పక్కన పెట్టాడు. రాత్రి లేవాల్సి వస్తుందని. తిరుగు రైలు ఎక్కగానే రెండు సీసాలు గటగటా తాగాడు. చెల్లెలికి చెప్పుకోలేడు, కొడుక్కి చెప్పుకోలేడు. చెప్పుకోలేకనే "రాను" అంటాడు.

అందుకని లాడ్జిలకు ఫోన్ చేసినప్పుడు నేను అడిగిన మొదటి మాట ధర కాదు. కమోడు ఉందా అని. తర్వాత లిఫ్ట్ ఉందా, వేడినీళ్ళు ఎన్నింటి దాకా, ఒకే గదిలో ఐదుగురికి పరుపు వేస్తారా. స్టేషన్‌కు ఎన్ని నిమిషాలు అని అడగకండి, అందరూ ఐదు నిమిషాలే అంటారు. వంతెన ఎక్కాలా అని అడగండి. దాదర్‌లో తూర్పున దిగి పడమరకు పోవాలంటే మెట్లు, జనం, సామాను. మాకు తూర్పు వైపు దొరికింది. పెద్ద గది, రాత్రికి 2,800, అదనపు పరుపుకు 400. మామకు "గదిలోనే మన ఇంటి లెక్క కుర్చీ సండాస్ ఉంది మామా" అని ఒక్క మాట చెప్పి వంటింట్లోకి పోయాను. మర్నాడు పొద్దున ఆయనే, "రైల్ల నాకు కింది బెర్తు దొరికిందా?" అని అడిగాడు.

శనివారం తెల్లవారి దిగాం. ఇక్కడ నేను చేసిన పొరపాటు రెండు. ఒకటి, గది పన్నెండు గంటలకే ఇస్తామన్నారు. మేము దిగింది ఏడు లోపల. పొద్దున ఆరింటికి షోలాపూర్‌లో బయల్దేరే వందే భారత్ పట్టుకుంటే పన్నెండున్నరకు సీఎస్‌ఎంటీ చేరుస్తుంది, గది వేళకు సరిపోతుంది, కానీ కిరాయి ఎక్కువ. రెండోది, లిఫ్ట్ ఉందా అని అడిగాను, ఎక్కడ మొదలవుతుంది అని అడగలేదు. ఆ బిల్డింగ్‌లో లిఫ్ట్ మొదటి మాళా నుంచి! కింద పదహారు మెట్లు. మామ ఒక్కొక్కటే ఎక్కుతుంటే మా ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

సామాను కౌంటర్ కింద పెట్టించి, పిల్లలను వంతెన అవతల పూల బజారుకు తీసుకుపోయాడు మా ఆయన. కుప్పల కొద్దీ బంతి, చేమంతి, ఆ వేళకే సగం అమ్ముడుపోయాయట. తర్వాత అందరం లోయర్ పరేల్. స్నానాలకు చిన్నమ్మ ఇల్లే దిక్కయింది, దాంతో ఆమె కోపం సగం దిగింది.

మూడు మాళాలు. మామ ప్రతి మలుపులో ఆగాడు. రెండో మాళా దగ్గర గోడ మీద చెయ్యి పెట్టి, "గీ గోడకు ఆనుకునే సమ్మెల పేకాట ఆడినం" అన్నాడు మనవడితో. పైన గ్యాలరీలో చిన్నమ్మ నిలబడి ఉంది. ఆమె ఎదురు రాలేదేమిటి అనుకున్నాను. చూస్తే ఒక చెయ్యి కఠడా మీద ఉంది, ఇంకో చేతిలో కర్ర.

లోపలికి పోయాక నీళ్ళు ఇచ్చింది. మామ గ్లాసు పక్కన పెట్టబోయాడు. మోరీ వైపు నా చూపు పోయింది. పరదా వేలాడుతోంది, కింద నుంచి ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు కనిపిస్తున్నాయి. మా ఇంట్లో ఉన్నలాంటిదే. చిన్నమ్మ నా చూపు పట్టేసింది. మొహం దించుకుని, "ఏం జేయాల్నే, గ్యాలరీ శివరి దాంక నడవస్తలేదు. రెండేండ్లాయె. మీకు జెప్పుడు సిగ్గయి..." అని ఆగింది.

మామ ఆ పరదా వైపు చూశాడు. చెల్లెలి వైపు చూశాడు. గ్లాసు తీసుకుని నీళ్ళు మొత్తం తాగాడు. "ఇంకో గ్లాసియ్యే" అన్నాడు.

ఆ తర్వాత లాడ్జి, ఖోలీ అన్న తగవు దానంతటదే తెగింది. ఆ రాత్రి మామ, బాబు ఇద్దరూ అక్కడే ఉన్నారు, గ్యాలరీలో చాప, మీద మన షోలాపూర్ చద్దరు. మేము ముగ్గురం దాదర్‌లో. రెండో రాత్రి అందరం లాడ్జిలో, మామకు మళ్ళీ ఆ మెట్లు ఎక్కే పని లేకుండా. ఇద్దరు తగ్గినందుకు లాడ్జివాడు పరుపు డబ్బు తగ్గించలేదు, అది వేరే సంగతి.

చూసినవాటి గురించి ఎక్కువ రాయను, అవి అందరూ చూసేవే. ఆదివారం రాణీచా బాగ్‌లో పెంగ్విన్‌ల దగ్గర తిరునాళ్ళలా జనం, వీలైతే మామూలు రోజు పోండి, బుధవారం మాత్రం మూసి ఉంటుంది. ఎలిఫెంటా గుహలకు సోమవారం సెలవు, మాకు మిగిలింది సోమవారమే, కాబట్టి గేట్‌వే దగ్గర పడవలు చూసి తృప్తిపడ్డాం. ఫీనిక్స్ మిల్లు ఉన్న చోట ఇప్పుడు పెద్ద మాల్. అమ్మాయి చూస్తానంటే మామ కూడా వచ్చాడు. బట్టల దుకాణాలు దాటి టవళ్ళ దగ్గర ఆగి, ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపి, వెనక్కి తిప్పి అంచు చూశాడు. ధర చీటీ చదవమన్నాడు. చదివాను. టవల్‌ను ఉన్న మడత మీదనే మడిచి పెట్టి, "కూసుందాం, కాళ్ళు గుంజుతున్నయ్" అన్నాడు. ఏసీ బాగుందని ఒక గంట కూర్చున్నాం.

సోమవారం పన్నెండింటికి గది ఖాళీ చేసి, సామాను లాడ్జిలోనే ఉంచి, రాత్రి రైలు దాకా చిన్నమ్మ దగ్గరికి పోయాం, ఈసారి మామను కింద టీ దుకాణంలో కూర్చోబెట్టి. చిన్నమ్మే కర్ర పట్టుకుని, కొడుకు భుజం మీద చెయ్యి వేసి, మూడు మాళాలు దిగి వచ్చింది. అన్నాచెల్లెళ్ళు బల్ల మీద రెండు గంటలు కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకు వినబడలేదు, బళ్ళ మోతలో.

వాళ్ళ చాళ్ పడగొట్టి కొత్త బిల్డింగ్ కడతారట, మాటలు నడుస్తున్నాయి. లిఫ్ట్ ఉంటుంది, ఇంట్లోనే సండాస్ ఉంటుంది అని చిన్నమ్మ కొడుకు సంబరంగా చెప్పాడు. కట్టేదాకా వీళ్ళను ఎక్కడికి పంపుతారో ఇంకా తేలలేదు. పోయిన వారం చిన్నమ్మ ఫోన్ చేసి, "ఎండకాలం సెలవులకు రాండ్రి, ఇల్లుంటదో ఉండదో" అంది. మామ పక్క నుంచి, "గా లాడ్జి నంబర్ ఉందా నీ దగ్గర?" అని అడిగాడు. ఉందన్నాను. "రెండు రూములు జెప్పు. ఒకటి దానికి" అన్నాడు.