గండికోట దారిలో మా అత్తగారి పుట్టిల్లు

దూరపు కొండలు నునుపు అంటారు. మరి దగ్గరి కొండల సంగతేమిటి? అవి అసలు మన కంటికే ఆనవు! నమ్మకపోతే నా సంగతి వినండి.

నేను ప్రొద్దుటూరికి కాపురానికొచ్చి ఇరవై రెండేళ్ళయింది. గండికోట మా ఇంటికి గంటా, గంటంబావు దారి. జమ్మలమడుగు దాటితే పదిహేను కిలోమీటర్లే. "ఈసారి సెలవులకి పోదాంలే" అనుకోవడం, పిల్లల పరీక్షలో, ఎవరిదో పెళ్ళో అడ్డం రావడం. తిరుపతికి పదిసార్లు పోయాం, ఊటీ చూశాం, మైసూరు చూశాం. గండికోట మాత్రం క్యాలెండర్ బొమ్మలోనే చూశాను. మావారు చదువుకునే రోజుల్లో స్నేహితులతో సైకిళ్ళేసుకుని పోయొచ్చారట. మగవాళ్ళకేం, అనుకున్నదే తడవు బయల్దేరతారు!

అమెరికాలో ఉండే మా ఆడపడుచు పిల్లల్ని తీసుకుని వచ్చింది. వాళ్ళు క్రితం వేసవిలో మెక్సికో పోయి, మాయా జాతి వాళ్ళు కట్టిన పాత నగరం చిచెన్ ఇట్జా చూసొచ్చారు. రాత్రి భోజనాలయ్యాక ఫోటోలు చూపించింది. చుట్టూ పచ్చటి అడవి, మధ్యలో మెట్ల గోపురం. నాలుగు పక్కలా పక్కకు 91 మెట్లు, పైన ఒక అరుగు, అన్నీ కలిపితే 365. అంటే ఏడాదికి ఎన్ని రోజులో అన్ని మెట్లు! అక్కడ నేలమీద పారే నదులు లేవట. నేల కుంగి ఏర్పడిన పెద్ద పెద్ద బావుల్లాంటి గుంటల్లోని నీళ్ళే ఆ నగరానికి ఆధారమట. నోరు తెరుచుకుని విన్నాం.

అప్పుడు మా మేనకోడలు, పదకొండేళ్ళ పిల్ల, అడిగింది: "అత్తా, మీ ఊరి దగ్గర ఇట్లాంటివి లేవా?"

"ఎందుకు లేవూ? గండికోట ఉంది" అన్నాను గొప్పగా.

"ఎలా ఉంటుంది?"

ఏం చెప్పను? నేను చూస్తే కదా!

ఆ ఆదివారమే పోదామని తేల్చాం. మోకాళ్ళ నొప్పులతో దసరాకి అమ్మవారిశాలకు కూడా నడవలేని మా అత్తగారు, "నేనూ వస్తా మ్మే" అన్నారు. ఎందుకో చెప్పలేదు. మేమూ అడగలేదు.

మూట కట్టుకున్నవి

తెల్లవారుజామున మూడింటికే లేచి వంట మొదలుపెట్టాను. చిత్రాన్నం, జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, ఎర్రగడ్డ కారం. పెరుగన్నానికి ఒక చిట్కా చెబుతాను, వినండి. అన్నాన్ని వేడిమీదే మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు తోడేసి గిన్నెలో పెట్టండి. దారిలో తోడుకుని మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది, ఎండకి పులవదు.

జమ్మలమడుగులో ఆగి కాఫీలు తాగి, ఏడున్నరకల్లా కోట ముందున్నాం. పెద్ద తలుపుల గుమ్మం దాటి లోపలికి పోతే, అక్కడ ఇళ్ళున్నాయి! గుమ్మాల్లో ముగ్గులు, పిట్టగోడ మీద ఆరేసిన చీరలు, కట్టేసిన మేకలు. కోట అంటే ఖాళీ రాళ్ళనుకుని వచ్చిన పిల్లలు తెల్లబోయారు. గండికోట ఊరు కోట గోడల మధ్యనే ఉంది మరి.

లోయ అంచున

మసీదు, గుడి దాటి బండల మీదుగా నడిస్తే ఉన్నట్టుండి నేల ఆగిపోతుంది. కింద దాదాపు 300 అడుగుల లోతున పెన్నా నది! కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం ఎండల్లో సగం ఇంకిపోతూ వచ్చే మన పెన్న, ఇక్కడ ఎర్రమల కొండల్ని కత్తితో కోసినట్టు చీల్చుకుని పోతుంది. ఆ చీలికే గండి. గండి పక్కన కోట, గండికోట. రెండు వైపులా ఎర్రరాళ్ళు, ఇటుకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. పొద్దుటి ఎండ పడి రాయి రంగు మారుతుంటే అందరం మాటలు మర్చిపోయాం.

ఈ రాళ్ళ వయసు వందకోట్ల ఏళ్ళ పైమాటేనట. ఒకప్పటి సముద్రపు ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి ఇలా రాయయింది. మన వంటింటి గట్టు మీద, అలమరల్లో పరుచుకునే కడప నల్లబండ కూడా అలాంటి పాత సముద్రంలో పేరుకున్నదే. ఇన్నేళ్ళుగా దానిమీద దోసెల పిండి ఒలకబోసుకుంటూ ఉన్నానే గానీ, దాని పుట్టుపూర్వోత్తరాలు నాకేం తెలుసు!

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. అంచున కంచె లేదు. బండలు నున్నగా ఉంటాయి. ఫోటోల మోజులో మా పెద్దవాడు ఇంకో అడుగు ముందుకేయబోతే, వాళ్ళ జేజి చేతికర్రతో వాడి చొక్కా పట్టి లాగారు. మోకాళ్ళ నొప్పుల మనిషికి అంత వేగం ఎక్కడిదో! పిల్లల చెయ్యి మాత్రం వదలకండి.

ధాన్యం కొట్టు, దేవుడు లేని గుడి

కోట చరిత్ర నాలుగు ముక్కల్లో చెబుతాను. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు ఈ కోటనేలారు. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని గెలుచుకున్నాడు. 1652లో ఫ్రాన్సు దేశపు నగల వ్యాపారి టావెర్నియర్ ఇక్కడికొచ్చి ఆయన్ని కలిశాడు.

మావారు, పిల్లలు బురుజుల చుట్టూ తిరుగుతుంటే నన్ను మాత్రం ధాన్యాగారం కదలనివ్వలేదు. ఎంత కొట్టు అనుకున్నారు! ఎత్తైన కమాను కప్పు, మందపాటి గోడలు, లోపల చల్లగా చీకటి. శత్రువులు చుట్టుముడితే నెలల తరబడి బయటి గింజ లోపలికి రాదు. ఎన్ని పుట్ల జొన్నలు పోశారో, పురుగు పట్టకుండా ఎట్లా చూసుకున్నారో! ఏడాదికి సరిపడా కందిపప్పు ఎండబెట్టి డబ్బాలకెత్తేసరికే నా నడుం పడిపోతుంది. యుద్ధం చేసిన నాయకుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ గింజలు విసిరి, దంచి, కోటంతటికీ వండిపెట్టిన ఆడవాళ్ళ పేర్లు ఎవరు రాశారు?

ధాన్యాగారం పక్కనే జామియా మసీదు. ఆ ముందున్నది కత్తుల కోనేరు. యుద్ధం ముగిశాక కత్తులు కడిగితే నీళ్ళు ఎర్రబడ్డాయని ఊళ్ళో చెప్పుకుంటారు. కాస్త దూరంలో ఎత్తైన గోపురంతో మాధవరాయ స్వామి గుడి. స్తంభాల మీద చెక్కడాలు ఎంతసేపు చూసినా తనివి తీరదు. కానీ గర్భగుడిలో విగ్రహం లేదు. ఉత్త రాతి గది. కొందరు మహానుభావులు గోడలమీద తమ పేర్లు, తమ ప్రేయసి పేర్లు గీకిపోయారు. అది చూసి కడుపు తరుక్కుపోయింది.

మా అత్తగారు ఆ గర్భగుడి గడప దగ్గర చాలాసేపు నిలబడ్డారు. వంగి, చేత్తో గడపను తాకి కళ్ళకద్దుకున్నారు. "దేవుడు లేడు కదవ్వా?" అంది మేనకోడలు. "గడప ఉండాది గదా తల్లీ" అన్నారావిడ.

చెట్టు నీడన రొట్టెలు విప్పాం. ఆడపడుచు రొట్టె తుంచుతూ, "వదినా, మెక్సికోలో మాయా ఆడవాళ్ళు కూడా మొక్కజొన్నల్ని సున్నపు నీళ్ళలో నానబెట్టి, రుబ్బి, చేత్తో తట్టి పెనంమీద కాలుస్తారు. అచ్చం మన రొట్టెలే" అంది. ఆశ్చర్యపోయాను. మాయా జాతి ఎప్పుడో అంతరించిపోయిందనుకున్నాను నేను! కాదట. పెద్ద నగరాలు పాడుబడ్డాయి గానీ మనుషులు లక్షల్లో ఉన్నారట, వాళ్ళ భాషలు ఇప్పటికీ మాట్లాడుకుంటారట. రాళ్ళు కూలినా రొట్టె మిగిలిందన్నమాట.

నీళ్ళ దగ్గర

తిరుగు ప్రయాణంలో మా అత్తగారు, "కొండాపురం దిక్కు నీళ్ళు కనపడేకాడికి ఒకసారి పోనీండి" అన్నారు. అప్పుడు గుర్తుకొచ్చింది నాకు, ఆవిడ ఎందుకు బయల్దేరారో.

వాళ్ళ పుట్టిల్లు కొండాపురం మండలంలో ఒక పల్లె. గండికోట జలాశయంలో మునిగిన ఊళ్ళలో అదొకటి. 2020లో నీళ్ళు పెంచినప్పుడు ఊరు ఖాళీ చేశారు. మా చిన్నమామ వాళ్ళు తలుపులూ, దూలాలూ ఊడదీసి ట్రాక్టర్ మీద కొత్త కాలనీకి చేర్చుకున్నారు. ఆవిడ అప్పటినుంచీ ఆ వైపు రాలేదు.

కారు ఆపాం. కనుచూపుమేరా నీళ్ళు. గాలికి అలలు. పిల్లలు "ఎంత బాగుందో!" అని అరిచారు. ఆవిడ మాత్రం కర్ర ఎత్తి చూపించారు. "అదో, ఆ గుట్ట సూడు మ్మే. దానికి ఇవతల మా రామాలయం. దాని ఎనక వీధిలో మూడో ఇల్లు మాది. మా అమ్మ శుక్రవారం పూట గడపకు పసుపు రాస్తే ఎండకు మెరిసేది. తలుపులు తెచ్చుకున్యారు గానీ, ఆ రాతి గడప మాత్రం పెకలకపాయ."

ఎవరం మాట్లాడలేదు. మేనకోడలే, "అవ్వా, ఐదొందల ఏళ్ళ తర్వాత నీ ఇల్లు చూడ్డానికి కూడా టికెట్ కొనుక్కుని వస్తారా?" అంది.

ఆవిడ నవ్వారు. "నీళ్ళు దిగితే వస్తారులే."

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నా పుట్టిల్లు పులివెందుల దగ్గర.

చీనీ తోట

ఆ రాత్రికి మా అమ్మగారింటికి చేరాం. మాకు నాలుగెకరాల చీనీ తోట ఉంది. నా చిన్నప్పుడు బోర్లు వేస్తే వందల అడుగులకూ దుమ్మే లేచేది. ఎండాకాలంలో ట్యాంకర్లతో నీళ్ళు కొని చెట్లు బతికించుకునేవాళ్ళం. ఒక ఏడు అదీ కుదరక, కాపుకొచ్చిన చెట్లని మా నాన్న తన చేత్తోనే కొట్టేశాడు. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఇప్పుడు గండికోట నుంచి నీళ్ళు ఎత్తిపోసి చిత్రావతి జలాశయానికి తెస్తున్నారు. అక్కడినుంచి కాలువల్లో మా వైపు పొలాలకు వస్తున్నాయి. తోట మళ్ళీ పచ్చగా ఉంది.

చూశారా చిత్రం! ఆవిడ పుట్టింటిని ముంచిన నీళ్ళే నా పుట్టింటిని నిలబెట్టాయి. ఇరవై రెండేళ్ళు ఒకే వంటింట్లో మసిలాం, ఈ మాట మా ఇద్దరి మధ్యా ఎన్నడూ రాలేదు. కాలువకు నీళ్ళొచ్చాయని మా అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను సంతోషంతో ఇల్లంతా వినబడేలా చెప్పాను. ఆవిడ పక్కగదిలోనే ఉన్నారు. అప్పుడు ఆవిడ మనసు ఎలా ఉందో నేను అడగనే లేదు.

మా అమ్మ చీనీకాయలు కోసి పళ్ళెంలో పెట్టింది. నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయి, "అత్తమ్మా, ఇవి..." అని ఆగిపోయాను. ఆవిడ ఒక తొన నోట్లో వేసుకుని, "తియ్యగానే ఉండాయి. తిను" అని ఇంకో తొన నా చేతిలో పెట్టారు. అంతే.

మర్నాడు పొద్దున వేంపల్లె మీదుగా గండి వీరాంజనేయ స్వామి దర్శనానికి పోయాం. అక్కడా ఒక నది, పాపఘ్ని, కొండను చీల్చుకుని వస్తుంది. రాముడు బాణం మొనతో ఆంజనేయుడి రూపం గీసి, చిటికెన వేలు గీయకుండా వదిలేశాడని స్థలపురాణం. శ్రావణ శనివారాల్లో తిరనాళ్ళు. మిగతా రోజుల్లో ప్రశాంతంగా ఉంటుంది.

వెళ్ళాలనుకునేవారికి

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలం పోవద్దు, బండలు కాలిపోతాయి. జమ్మలమడుగు నుంచి పోవచ్చు. రైల్లో వచ్చేవారికి ముద్దనూరు స్టేషన్ అనుకూలం. గండికోటలో పర్యాటక శాఖ వారి హరిత హోటల్ ఉంది, ముందే గది చెప్పుకోండి. రాత్రి ఉంటే సూర్యోదయం చూడొచ్చు. నూలుబట్టలు, పట్టు ఉన్న చెప్పులు, గొడుగు, మనిషికి రెండు సీసాల నీళ్ళు తప్పనిసరి. మిగిలిన కాగితాలు, కవర్లు సంచీలో వేసుకుని వెనక్కి తెచ్చుకోండి. ఇంకో రోజు వీలుంటే బెలుం గుహలు కూడా కలుపుకోవచ్చు.

చివరిగా ఒక్క మాట. మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే, "ఆమెకెందుకులే, నడవలేదు" అని వదిలెయ్యకండి. వెంట తీసుకెళ్ళండి. దారిలో, ఆమె పుట్టిల్లు ఎటువైపో ఒక్కసారి అడగండి.