120 లీటర్లు

డయాలసిస్ వార్డు చూద్దామని వెళ్తే టెక్నీషియన్ అమ్మాయి నన్ను ముందు వెనకవైపు గదిలోకి తీసుకెళ్లింది. "మిషన్లు అందరూ చూస్తారు సార్. అసలు పని ఇక్కడుంది" అంది. గోడవారగా నిలువెత్తు ట్యాంకులు, చెవులు హోరెత్తించే మోటారు. ఇసుక ఫిల్టరు దాటిన నీళ్లు బొగ్గు ట్యాంకులోకి, అక్కణ్నుంచి కాల్షియం, మెగ్నీషియం లాగేసే సాఫ్ట్‌నర్‌లోకి, చివరికి ఆర్వోలోకి పోతాయి.

ఉద్దానంలో నీళ్ల గది ముందు ఎవరైనా కాసేపు ఆగాల్సిందే. శ్రీకాకుళం జిల్లా తీరాన కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్లివి. షుగరూ బీపీ లేని మనుషులకు కూడా ఇక్కడ దశాబ్దాలుగా కిడ్నీలు పాడైపోతున్నాయి. సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఫలానాదే కారణమని ఇంతవరకూ తేలలేదు. జనం మాత్రం బావినే అనుమానిస్తారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకాన్నీ అప్పుడే ప్రారంభించారు. నేను చూసింది అంత పెద్దది కాదు, ఆ పరిసరాల్లోనే ఓ చిన్న కేంద్రం.

మిషన్‌లో రక్తానికీ మందునీటికీ మధ్య ఉండేది సన్నటి పొర మాత్రమే. వెంట్రుకలంత బోలు గొట్టాలు వేల సంఖ్యలో కట్టగా ఉంటాయి. లోపల రక్తం ఒకవైపుకి పోతుంటే, బయట నీళ్లు ఎదురు దిశలో పారుతుంటాయి. యూరియా, పొటాషియం రక్తంలోంచి నీళ్లలోకి దిగుతాయి. నిమిషానికి 500 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో ఒక్కో మనిషికి 120 లీటర్లు కావాలి. మనం తాగే నీళ్లను పేగులు వడపోస్తాయి; ఇక్కడ ఆ కాపలా లేదు. నీళ్లలో క్లోరమైన్ మిగిలితే ఎర్రకణాలు పగిలిపోతాయి. అల్యూమినియం చేరితే ఎముకలూ మెదడూ దెబ్బతింటాయి. 1996లో బ్రెజిల్‌లోని కరువారులో నాచువిషం కలిసిన నీళ్లతో డయాలసిస్ చేయించుకున్న యాభై మందికి పైగా చనిపోయారు. అందుకే షిఫ్టు మొదలయ్యే ముందు క్లోరిన్ పరీక్ష. ఆ అమ్మాయి చిన్న సీసాలో నీళ్లు పట్టి మందు వేసి, వెలుతురుకి ఎత్తి చూసింది. గులాబీ రంగు రాలేదు. రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాకే వార్డు తలుపు తీసింది.

వార్డులో అరవై దాటిన ఓ జీడితోట కూలీ చెయ్యి చాపి పడుకున్నాడు. మణికట్టు పైన ధమనినీ సిరనీ కలిపి కుట్టిన చోట ఉబ్బెత్తుగా ఉంది. "సెయ్యెట్టి సూడండి బాబూ" అన్నాడు. వేళ్ల కింద తుమ్మెద రొద. నన్నడిగితే మిషన్ కన్నా గొప్పది ఈ కుట్టే. నెదర్లాండ్స్‌లో విల్లెమ్ కోల్ఫ్ 1943లోనే సెల్లోఫేన్ గొట్టాలతో కృత్రిమ కిడ్నీ నడిపించాడు. కానీ ప్రతిసారీ కొత్త రక్తనాళం కోయాల్సి వచ్చేది, నాళాలు అయిపోయేవి. ఒంట్లోని నాళాలనే కలిపి, సిరను లావెక్కించి, ఏళ్ల తరబడి సూది గుచ్చుకోవచ్చని 1966లో న్యూయార్క్ వైద్యులు చూపించాక ఈ వైద్యం ఎంతో తేలికైంది.

"మళ్లీ మూడు కిలోలు పెరిగొచ్చావేంటి తాతా" అని అమ్మాయి కసిరింది. మూత్రం రాని ఒంట్లో తాగిందంతా బరువై కూర్చుంటుంది. ఎక్కువ నీరు ఒకేసారి లాగితే పిక్కలు పట్టేస్తాయి, బీపీ పడిపోతుంది. రోజుకి లీటరులోపే తాగమంటారు. "దప్పిక ఆగుద్దేటమ్మా ఈ ఎండలకి" అన్నాడాయన.

జబ్బు బయటపడ్డ తీరు అడిగాను. కాళ్లు వాయలేదట, మూత్రంలో నురగా లేదట. ఉద్దానం జబ్బు చాలామందిలో ఇలాగే మొదలవుతుంది. వడపోత గుత్తుల కన్నా వాటి కింది నాళికలూ చుట్టూ ఉన్న కణజాలమూ ముందు దెబ్బతింటాయి కాబట్టి మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. స్కానింగ్‌లో కిడ్నీలు కుంచించుకుపోయి కనిపించేసరికి చేయడానికి మిగిలేది తక్కువ. ముందుగా పట్టిచ్చేది క్రియాటినిన్ అనే మామూలు రక్తపరీక్ష. అది కూడా ఒక్కసారి చేస్తే చాలదు, మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి. మిషన్ల ప్రారంభోత్సవాలకు వచ్చే జనంలో సగం మంది ఈ పరీక్ష శిబిరాలకు వస్తే బాగుండునని నాకనిపించింది. కానీ ఒంట్లో ఏ బాధా లేనివాడు కూలి పోగొట్టుకుని సూది పొడిపించుకోడానికి ఎందుకొస్తాడు?

"మా గుంటడికి రగతం తీయించినాను బాబూ. ఒకటిన్నరొచ్చింది. ఒల్లు బాగానే ఉందంతాడు, మళ్లీ రమ్మంటే రాడు. నాకూ అప్పుడు బాగానే ఉండేది."

అమ్మాయి సూది చుట్టూ ప్లాస్టరు సరిచేస్తూనే అందుకుంది. "డాక్టరుగారు చెప్పింది గుర్తుందా? కొట్లో నొప్పి మాత్రలు కొనకూడదు. మూడు నెలలకి మళ్లీ పరీక్ష. తోటకెళ్తే దాహం వేసే దాకా ఆగకుండా నీళ్లు తాగమను, నీలాగ కొలుచుకుని కాదు."

"సెప్తాను," అన్నాడు. "బిందె నీలు వోడికి, గళాసుడు నీలు నాకు. ఇంటిది రోజూ యిడిగానే పెడతాది."